కాటా మీది మనస్సు

రోహిణీకార్తెలో బెజవాడ యెండలకు రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. అట్టి దినములలో గుణదల కొండమెట్ల మీద తెల్లవారకముందే జనసంచారము మొదలగును. మ్రొక్కుబడి తీర్చుకొనుటకు వచ్చినవారు కొందరు. ఎండ ముదురకముందే నాలుగడుగులు నడచి పోవుదమని వచ్చిన వృద్ధులు కొందరు. వీరి నడుమ ఒకానొకప్పుడు వింతవేషము గల యువకుడొకడు కానవచ్చును. చొక్కాపై చొక్కా, దానిపై ఉన్ని స్వెట్టరు, లోపల ఒంటికి చుట్టుకొన్న ప్లాస్టిక్కు కాగితము. చెమట ధారలు గట్టుచుండగా అతడు మెట్లెక్కును, దిగును, మరల ఎక్కును. దారిలో ఎవరైన దయతలచి మంచినీళ్లు ఇయ్యబోయినచో తల త్రిప్పుకొనును.

అతడు మతి చెడినవాడు కాడు. ఏ తాలింఖానాలోనో కుస్తీ నేర్చుకొనుచున్న పిల్లవాడు. సోమవారమునాడు పోటీ. ఆనాటి ఉదయము కాటాపై నిలిచినప్పుడు ముల్లు దాటరాని గీత యొకటి కలదు. ఆ గీతకు అతడింకను రెండు కిలోలు పైననే ఉన్నాడు.

ఇంటికి పోయిన తరువాత నాయనమ్మ పెరుగన్నము కలిపి కంచము ముందర పెట్టును. “రెండు ముద్దలు తినరా నాయనా, మొగము పీక్కొనిపోయినది” అనును. “వద్దు నాయనమ్మా” అని వాడు మొదట మెల్లగానే చెప్పును. ఆమె మరల అడుగును. మూడవమారు అడుగునప్పటికి వాడు కంచమును త్రోసివేసి, ఇంటిలో ఎన్నడును ఎత్తని గొంతెత్తి కేకలు వేయును. కొంతసేపటికి గోడవైపు తిరిగి కన్నీరు పెట్టుకొనును. నాయనమ్మపై వానికి ఇసుమంతయు కోపము లేదు. మరి ఆ కేకలు వేసినదెవరు?

ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, ప్రపంచములోని గొప్ప గొప్ప క్రీడాకారులు సైతము దీనికి సమాధానము తెలియక తికమకపడినవారే.

కుస్తీ, ముష్టియుద్ధము, జూడో, బరువులెత్తుట మొదలగు పోటీలలో శరీరభారమునుబట్టి తరగతులు ఏర్పరచినారు. పాఠశాలలలోని కబడ్డీ పోటీలకు సైతము ఇట్టి పరిమితి కలదు. బక్కపలుచని పిల్లవానిపైకి బండవంటివానిని వదలుట ధర్మము కాదు కావున ఈ ఏర్పాటు జరిగినది. ఉద్దేశము మంచిదే. కాని మానవుని బుద్ధి ఊరకుండునా? “నా సహజమైన బరువు 53 కిలోలు. ఎట్లైన 50కి దిగితినేని నాకంటె చిన్నవారితో తలపడవచ్చును గదా!” అని ఒకరు తలంతురు. ఎదుటివారును సరిగా అదే ఆలోచన చేయుదురు. తుదకు ఇరువురును మాడి మాడి మరల సమానులై గోదాలో దిగుదురు. లాభము ఎవరికిని లేదు. ఆకలి మాత్రము ఇద్దరికిని మిగులును.

ఈ బాధ లేనివారు క్రీడాకారులలో ఒక్కరే: అన్నిటికంటె పై తరగతివారు. వారికి అడుగుగీత కలదు గాని పైగీత లేదు. కృష్ణాజిల్లా గండిగుంటలో జన్మించి, బరువులెత్తుటలో దేశమంతట పేరు పొందిన దండమూడి రాజగోపాలరావు అట్టి తరగతివాడు. విజయవాడలోని ఇండోరు స్టేడియమునకు ఆయన పేరే పెట్టినారు. 1963లో వచ్చిన నర్తనశాల చిత్రములో భీముని పాత్ర ధరించినదియు ఆయనయే. ఆ భీముడు విరాటుని కొలువులో వంటవాడై వలలుడను పేర మెలగినవాడు. వంటశాలనుండి లేచి వచ్చి జీమూతమల్లుని పడగొట్టినవాడు. బకాసురునితో పోరునప్పుడైతే బండెడు అన్నమును ముందు తిని, తరువాత చేయి కడుగుకొని యుద్ధమునకు లేచినాడు. భీముని కాటాపై నిలబెట్టినవారు లేకపోవుట పాండవుల అదృష్టము!

తక్కినవారి సంగతి అట్లు కాదు. నాలుగు దినములలో రెండు మూడు కిలోలు తగ్గవలెనన్నచో క్రొవ్వు అంత వేగముగా కరగదు. పోవునది ముఖ్యముగా నీరు. కండలలోను కాలేయములోను నిలువచేసికొన్న పిండిపదార్థము ఖర్చగుచున్న కొలది దానిని అంటియుండు నీరును పోవును. అటుపైన త్రాగుట మానుదురు, ఆవిరిగదిలో కూర్చుందురు, దుప్పట్లు కప్పుకొని పరుగెత్తుదురు. 50 కిలోల మనిషి దేహమునుండి ఒక లీటరు నీరు పోయినచో అది శరీరభారములో నూటికి 2 వంతులు. ఆపాటి నీరు తగ్గినప్పుడే తల బరువెక్కుట, దృష్టి నిలువకుండుట, చిరాకు కలుగుట సాధారణము. రక్తము పలుచనగుటకు మారుగా చిక్కనై, గుండె ఎక్కువసార్లు కొట్టుకొనును. దాహముచే రాత్రి నిద్ర పట్టదు. నిద్ర లేనివానికి మరునాడు అన్నియు పర్వతములుగానే తోచును.

మనస్సు ఒకటి, శరీరము వేరొకటి. శరీరము నీరసించినను మనస్సు దానిని కొరడాతో అదిలించి నడిపించునని సామాన్యముగా తలంతురు. క్రీడారంగమున ఈ తలంపు మిక్కిలి బలమైనది. ఛాందోగ్యోపనిషత్తులోని యొక కథ దీనిని ఏనాడో ప్రశ్నించినది. ఉద్దాలకుడను ఋషికి శ్వేతకేతువను కుమారుడు కలడు. పండ్రెండేండ్లు గురుకులవాసము చేసి, వేదములన్నియు చదివి, తనంతవాడు లేడను గర్వముతో ఇంటికి వచ్చినవాడు. తండ్రి అతనికి ఒక పరీక్ష పెట్టెను. పదునైదు దినములు అన్నము ముట్టరాదు. నీరు మాత్రము కోరినంత త్రాగవచ్చును. పదునారవనాడు కొడుకును పిలిచి ఋక్కులు, యజుస్సులు, సామములు వల్లింపుమనెను. శ్వేతకేతువునకు ఒక్కటియు జ్ఞప్తికి రాలేదు. అంతట తండ్రి, పెద్ద మంట చల్లారి మిణుగురుపురుగంత నిప్పు మిగిలినచో అది దేనిని కాల్చగలదని అడిగి, పోయి భోజనము చేయుమనెను. భుజించి వచ్చిన పిమ్మట అడిగినదెల్ల కొడుకు చెప్పగలిగెను. మనస్సు అన్నముచేత ఏర్పడినదని ఉద్దాలకుడు కుమారునకు బోధించిన తీరిది. ఇందు ఒక విశేషము గమనింపదగినది. శ్వేతకేతువునకు నీటికి కొదువలేదు. నేటి మల్లునకు ఆ పాటి భాగ్యమును లేదు.

ఉద్దాలకుని పరీక్షకు దీటైనది ఇరువదవ శతాబ్దములో అమెరికాలో జరిగినది. రెండవ ప్రపంచయుద్ధము ముగియనున్న కాలమున ఐరోపాలో లక్షలాది ప్రజలు తిండిలేక కృశించుచుండిరి. వారిని మరల బాగుచేయు విధానము తెలిసికొనుటకై 1944, 1945 సంవత్సరములలో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులపై ప్రయోగము చేసెను. వీరు యుద్ధము చేయుట తమ అంతరాత్మకు సమ్మతము కాదని చెప్పి, అందుకు మారుగా లోకమునకు ఉపయోగపడు కార్యమేదైన చేయుదుమని స్వయముగా ముందుకు వచ్చినవారు. ఇరువదినాలుగు వారములు వారికి సగము ఆకలి తీరునంత తిండి మాత్రమే పెట్టిరి. వారి శరీరభారములో సుమారు నాల్గవవంతు తగ్గెను.

శరీరము చిక్కుట ఎవరైన ఊహింపగలిగినదే. ఆశ్చర్యము కలిగించినది మనస్సులో జరిగిన మార్పు. శాంతస్వభావులని ఎన్నుకొనబడిన ఆ యువకులు చిన్నమాటకే మండిపడసాగిరి. నవ్వులాటలు తగ్గెను, స్నేహములు సడలెను, చదువుమీద ఆసక్తి పోయెను. ఆలోచనలన్నియు అన్నము చుట్టును తిరుగసాగెను. కొందరు వంటల పుస్తకములు తెచ్చుకొని నవలలవలె చదువుచు కూర్చుండిరి. కంచము నాకుటకు సిగ్గుపడకుండిరి. తరువాత కావలసినంత తిండి పెట్టినప్పటికిని ఎంతయో కాలము వారికి కడుపు నిండినట్లు తోపలేదు. 1950లో ఈ విషయములన్నియు రెండు పెద్ద సంపుటములుగా అచ్చయినవి. ఆ యువకులు ఆకలికి లొంగిన దుర్బలులు కారు. ఒక సత్కార్యమునకై కోరి ఆకలిని భరించినవారు. ఐనను మనస్సు మారకుండ ఆపలేకపోయిరి.

క్రీడాకారులు ఆరునెలలు పస్తులుండరు నిజమే. వారిది నాలుగైదు దినముల ముచ్చట. కాని ఆ ముచ్చట సంవత్సరములో ఎన్ని పోటీలున్న అన్నిమార్లు వచ్చును. అమెరికాలోని కళాశాల మల్లులను పరిశీలించి 1998లో ప్రకటించిన యొక అధ్యయనములో, వేగముగా బరువు తగ్గినప్పుడు వారి తాత్కాలిక జ్ఞాపకశక్తి మందగించినదనియు, మనోభావములు చెడినవనియు, మరల నీరు త్రాగి భుజించిన తరువాత సర్దుకొన్నవనియు తేలెను. శ్వేతకేతువునకు వేదము, ఈ మల్లులకు అంకెలు, భేదము అంతమాత్రమే. పరిశోధనలన్నియు ఒకే తీరున చెప్పుటలేదు. బుద్ధికుశలత అంతగా తగ్గలేదని చెప్పినవియు కొన్ని కలవు. ఐనను కోపము, దిగులు, అలసట, ఆందోళన పెరుగునని, ఉత్సాహము తగ్గునని చెప్పుటలో అవి మొత్తముమీద ఏకీభవించుచున్నవి.

గుణదల పిల్లవాని నాయనమ్మపై కేకలు వేసినది ఎవరో ఇప్పుడు కొంత తెలిసినది. ఐనను కథ ఇంతటితో ముగియలేదు. ఆకలి కోపమునే కాదు, గర్వమును సైతము పుట్టించును. ఇతరులు తినునప్పుడు తాను తినక నిలువగలిగినందుకు యువకునికి లోలోపల ఒక సంతోషము కలుగును. “నేను సామాన్యుడను గాను, నేను మల్లుడను” అని కాటా తనతో చెప్పినట్లు తోచును. తోటివారందరు కలిసి పస్తుండినప్పుడు వారి మధ్య ఒక చుట్టరికము ఏర్పడును. బరువు తగ్గించుకొనుట తమకు ధైర్యమును ఏకాగ్రతను ఇచ్చుచున్నదని పెద్ద పెద్ద క్రీడాకారులే చెప్పియున్నారు. వారు అబద్ధమాడుట లేదు. హాని చేయుచున్న వస్తువే మిత్రుని వేషములో వచ్చుటచేత దానిని విడుచుట కష్టమగుచున్నది.

గెలిచినవారి కథలు ఈ నమ్మకమునకు మరింత బలము చేకూర్చును. 2018లో మణిపూరు వీరవనిత మేరీకోమ్ పోలెండుదేశములో పోటీకి దిగినప్పుడు కాటా ఎక్కుటకు సుమారు నాలుగు గంటలు మాత్రమే వ్యవధి యుండెను. తగ్గవలసినది రెండు కిలోలు. ఆమె ఆగకుండ త్రాడాట ఆడి ఆ బరువును పోగొట్టుకొని, బంగారు పతకమును గెలుచుకొనెను. ఈ కథ దేశములోని ప్రతి తాలింఖానాకును చేరినది. అదే విధముగా త్రాడాట ఆడి, మరునాడు మొదటి ఆటలోనే ఓడి ఇంటికి పోయిన పిల్లల కథలు ఏ పత్రికలోను అచ్చుకావు.

తెలుగువారి ఇంటిలోనే అట్టి కథ యొకటి జరిగినది. నిజామాబాదులో 1996లో జన్మించిన నిఖత్ జరీన్ పదునాలుగేండ్ల ప్రాయముననే, 2011లో, టర్కీదేశములో జరిగిన బాలికల ప్రపంచ ముష్టియుద్ధపు పోటీలలో విజయము సాధించెను. 2022 మే నెలలో ఇస్తాంబులులో 52 కిలోల తరగతిలో ప్రపంచవిజేత అయ్యెను. కాని 2024 పారిస్ ఒలింపిక్కు క్రీడలలో స్త్రీలకు 52 కిలోల తరగతి లేదు. ఉన్నవి 50, ఆ పైన 54. ఆమె 50 ఎన్నుకొనెను. ఆ తరగతిలోనే 2022లో బర్మింగ్‌హాములో కామన్‌వెల్తు పతకమును, 2023 మార్చిలో ఢిల్లీలో రెండవమారు ప్రపంచవిజేత బిరుదమును సంపాదించెను. కావున ఎన్నిక తప్పని ఎవరును అనలేకపోయిరి.

పారిస్‌లో ముష్టియోధులు పోటీపడు ప్రతిదినము ఉదయమున కాటా ఎక్కవలెను. నిఖత్ మొదటి పోటీలో జర్మనీ వనితపై గెలిచెను. 2024 ఆగస్టు 1వ తేదీన చైనాకు చెందిన వూ యూ ఎదురుపడెను. ఆమె 52 కిలోల తరగతిలో ప్రపంచవిజేత. అనగా ఆమెయు క్రిందికి దిగి వచ్చినదే. న్యాయనిర్ణేతలు ఐదుగురును చైనా వనిత పక్షమున తీర్పు చెప్పిరి. ఓటమి తరువాత నిఖత్ కన్నీటితో పత్రికలవారి యెదుట నిలిచి, రెండు దినములుగా తానేమియు తినలేదనియు, నీరు సైతము ఆ ఉదయము బరువు చూచిన పిమ్మటనే త్రాగితిననియు, తేరుకొనుటకు వ్యవధి లేకపోయిననియు చెప్పెను. చెప్పుచునే, తన ఓటమికి దేశప్రజలను క్షమాపణ కోరెను.

ఆ క్షమాపణను చదివినవారు ఒక్కక్షణము ఆగవలసియున్నది. రెండుమార్లు ప్రపంచమును గెలిచిన వనిత, రెండు దినములు పస్తుండి పోరాడి, ఓడినందుకు తప్పు తనదేయని తలవంచుకొనినది. ఆకలి దేహమును బలహీనము చేయును. అటుపైన, బలహీనపడినందుకు నేరము తనదేయని మనస్సుచేత ఒప్పించును. ఈ రెండవ దెబ్బయే కఠినమైనది. ఆనాటి ప్రత్యర్థి వూ యూ ఆ క్రీడలలోనే బంగారు పతకము గెలిచినదని చెప్పకపోయినచో కథ ఏకపక్షమగును. పొట్ట నిండియున్నను నిఖత్ గెలిచియుండెడిదని ఎవరును చెప్పలేరు.

మరి ఆరు దినములకు అదే పారిస్‌లో జరిగినది దేశమంతయు ఎరుగును. హర్యానా మల్లయోధురాలు వినేశ్ ఫోగాట్ ఆగస్టు 6వ తేదీన 50 కిలోల తరగతిలో మూడు కుస్తీలు గెలిచెను. వానిలో మొదటిది అంతర్జాతీయరంగమున అంతవరకు ఓటమి యెరుగని జపాను వనిత యూయీ సుసాకీపై సాధించిన విజయము. ఆ సాయంకాలము వినేశ్ బరువు 52.7 కిలోలు. 2018నుండి కుస్తీపోటీలు రెండు దినములు సాగుచున్నందున రెండవ ఉదయమును కాటా ఎక్కవలసియుండెను. రాత్రియంతయు ఆమె నిద్రపోలేదు. పరుగెత్తినది, ఆవిరిగదిలో కూర్చున్నది. తల వెండ్రుకలు సైతము కొంత కత్తిరించిరి. తెల్లవారి చూచిన బరువు 50 కిలోల 100 గ్రాములు. నూరు గ్రాములనగా మన ఇంటిలో ఒక చిన్న గ్లాసెడు పాలకంటె తక్కువ. ఆమెను పోటీనుండి తొలగించిరి. మరునాడే తాను కుస్తీ విరమించుకొనుచున్నానని ప్రకటించెను. ఆమె చేసికొన్న అప్పీలు ఆగస్టు 14న కొట్టివేయబడెను.

అవే దినములలో అమన్ సెహ్రావత్ అను ఇరువదియొకటేండ్ల యువకుడు సెమీఫైనలులో ఓడి, ఆ బాధ తీరకముందే పది గంటలలో 4.6 కిలోలు తగ్గి, మరునాడు కంచుపతకము గెలిచెను. దేశము అతనిని మెచ్చుకొనినది. వినేశునకు అట్టి సంకల్పబలము లేకపోయినదని అనుకొన్నవారును లేకపోలేదు. ఇది న్యాయము కాదు. ఒక దేహము ఆ రాత్రి చెమటను ఇచ్చినది, వేరొక దేహమునుండి ఇక రాలుటకు చుక్క నీరు మిగులలేదు. ఇందు సంకల్పమును తూచుటకు ఏ కాటాయు లేదు. అమన్‌ను సెమీఫైనలులో ఓడించి, తుదకు బంగారు పతకము పొందిన జపాను మల్లుడు రెయి హిగూచి 2021లో ఒక ఒలింపిక్కు అర్హతపోటీలో 50 గ్రాములు ఎక్కువయి తొలగింపబడినవాడే. స్వదేశములో జరుగు ఒలింపిక్కులకు నోచుకొనక మిగిలిపోయి, మూడేండ్లు వేచి, పారిస్‌లో విజయము పొందెను. వినేశునకు సానుభూతి తెలిపినవారిలో అతడొకడు.

మనస్సు ఈ దారిలో ఎంతవరకు పోవునో ఎరిగిన క్రీడాసంఘములు అడ్డుకట్టలు వేయ ప్రారంభించినవి. 1997 నవంబరు, డిసెంబరు నెలలలో అమెరికాలో కళాశాల మల్లులు ముగ్గురు బరువు తగ్గించుకొను ప్రయత్నములో, కొద్ది వారములలో ఒకరి తరువాత ఒకరుగా మరణించిరి. వారిని ఎవరును బలవంతపెట్టలేదు. దాహము వేయుచున్నది, త్రాగుమని దేహము చెప్పినప్పుడు మనస్సు వద్దన్నది; అంతే. తరువాతనే అచ్చట రబ్బరు దుస్తులు, ఆవిరిగదులు నిషేధింపబడినవి. ఏ విద్యార్థి ఎంతకు దిగువకు పోరాదో సీజను మొదటనే నిర్ణయించు పద్ధతి వచ్చినది. దేహమునుండి నీరు వెడలగొట్టు మందులు సైతము ప్రపంచమంతటను నిషిద్ధములే. విజయనగరము జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్‌వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో కంచుపతకము పొందెను. ఆ తరగతిలో ప్రథమస్థానము పొందిన నైజీరియా బాలిక రక్తమూత్రపరీక్షలో అట్టి మందు బయటపడుటచే, సంతోషికి వెండిపతకము లభించెను. ఆ బాలిక వయస్సు పదునారేండ్లు. ఆ మందు ఆమె చేతికి ఎట్లు వచ్చినదో కాని, పదునారేండ్ల పిల్ల ఒంటరిగా వెదకికొని తెచ్చుకొను వస్తువు కాదది.

క్రిందికి కాక పైకి నడచినవారును కలరు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత. 1998 బ్యాంకాకు ఆసియా క్రీడలలో 63 కిలోల తరగతిలో వెండిపతకము పొందెను. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్కులలో మొదటిసారిగా స్త్రీలకు బరువులెత్తు పోటీ పెట్టినప్పుడు ఆమె 69 కిలోల తరగతిలో నిలిచెను. బయలుదేరుటకు ముందు ఆమె లావెక్కినదని ఎగతాళిచేసిన వ్రాతలు వెలువడినవి. బరువులెత్తువారిని సైతము సన్నగా చూడగోరు లోకమిది! సెప్టెంబరు 19వ తేదీన ఆమె 110, 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కంచుపతకము గైకొనెను. భారతదేశములో ఒలింపిక్కు పతకము పొందిన ప్రథమ మహిళ ఆమెయే. ఆనాడు చైనా, హంగరీ వనితలు ఇద్దరును సరిగా 242.5 కిలోలే ఎత్తిరి. అప్పటి నియమము ప్రకారము శరీరభారము తక్కువగా నున్న చైనా వనితకు బంగారము, హంగరీ వనితకు వెండి ఇచ్చిరి. ఎంత ఎత్తినను కాటా నీడ విడువదు.

బరువు తగ్గుట అన్నియెడల అపాయమని చెప్పుట సరికాదు. నార్వేదేశములో క్రీడాకారులను రెండు గుంపులుచేసి, ఒక గుంపు వారమునకు శరీరభారములో నూటికి 0.7 వంతు, రెండవది 1.4 వంతు తగ్గునట్లు ఆహారము పెట్టి చూచిరి. ఫలితములు 2011లో ప్రకటింపబడినవి. మెల్లగా తగ్గినవారికి కండ పెరిగెను. వేగముగా తగ్గినవారికి ఆ లాభము కలుగలేదు. 50 కిలోల మనిషికి 0.7 వంతనగా వారమునకు 350 గ్రాములు. రెండు కిలోలు తగ్గుటకు ఆరువారములు పట్టును. ఆరువారముల ముందే ఆలోచింపవలెనన్నచో, ఆలోచించు పెద్దవారొకరు ప్రక్కన ఉండవలెను. పిల్లవాడు ఒక్కడే కాటాతో మాటలాడుకొనునప్పుడు వానికి తోచునవి నాలుగు దినముల ఉపాయములే. ఎదుగుచున్న వయస్సులో వారమునకు 350 గ్రాములైనను వైద్యుని అడుగక తగ్గదగినవి కావు.

ఆట ముగిసినంత మాత్రమున ఈ తగవు ముగియదు. ఏండ్లతరబడి అన్నమును శత్రువుగా చూచినవారు, ఆట విడిచిన తరువాతను కంచము ముందర నిమ్మళముగా కూర్చుండలేరు. తిన్నచో తప్పుచేసినట్లు తోచును. తినకున్నచో పూర్వపు గర్వము లేచివచ్చును. పెండ్లివిందులో ఆత్రేయపురపు పూతరేకు చేతికి ఇచ్చినప్పుడు, దానిని త్రుంచకముందే మనస్సు లెక్క వేయును. ఒలింపిక్కు సంఘపు వైద్యులు 2014లో, తిన్న ఆహారము చేయు శ్రమకు చాలకపోవుటవలన క్రీడాకారులకు కలుగు అనారోగ్యములన్నిటికిని కలిపి ఒక పేరు పెట్టినప్పుడు, ఎముకలు, గుండె, రక్తముతోపాటు మనస్సును సైతము ఆ జాబితాలో చేర్చిరి. మనోవ్యథ ఆ స్థితికి ఫలితము మాత్రమే కాదు, కారణమును కావచ్చునని వ్రాసిరి.

నిఖత్ జరీన్ ఆట మానలేదు. ముష్టియుద్ధపు పోటీలను నడుపు క్రొత్త ప్రపంచసంఘము తరగతులను మార్చి స్త్రీలకు 51 కిలోల తరగతి నేర్పరచినది. ఒక్క కిలో! 2025 సెప్టెంబరులో లివర్‌పూలులో జరిగిన ప్రపంచపు పోటీలలో ఆమె ఆ తరగతిలో దిగి, క్వార్టరు ఫైనలులో ఓడెను. నవంబరులో ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచకప్పు పోటీలో అదే తరగతిలో బంగారు పతకము గెలిచెను.

గుణదలలో సోమవారము తెల్లవారుచున్నది. పిల్లవాడు స్వెట్టరు తొడుగుకొని వాకిట నిలిచియుండగా వస్తాదు వచ్చును. వాని పెదవులు ఎండియుండుట చూచును. కాటా సంగతి ఎత్తడు.

“ఏరా, రాత్రి ఏమి తింటివి?”

పిల్లవాడు నేలవైపు చూచును. లోపలినుండి నాయనమ్మ, “ఏమియు తినలేదయ్యా, మంచినీళ్లు సైతము ముట్టలేదు” అనును.

“పై తరగతిలో పేరు వ్రాయించెదను, ఆ స్వెట్టరు విప్పు” అని వస్తాదు అరుగుమీద కూర్చుండును. “అమ్మా, ఆ పెరుగన్నము ఉన్నచో తెమ్ము.”